పెర్ల్ ప్రోగ్రాం డేటాబేస్‌కి పంపే క్వెరీలను చూడటం ఎలా? డీబీఐ ట్రేస్ నుంచి రోజువారీ లాగ్ దాకా

రిపోర్ట్ నెమ్మదిగా వస్తోందని ఫోన్ వచ్చినా, మొత్తాలు కలవడం లేదని అకౌంట్స్ వాళ్లు వచ్చి కూర్చున్నా మీరు ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: డేటాబేస్‌కి నిజంగా వెళ్లిన క్వెరీ ఏది, ఏ విలువలతో వెళ్లింది? కోడ్‌లో కంటికి కనిపించే క్వెరీ, అక్కడికి చేరిన క్వెరీ ఒకటే కాకపోవచ్చు. నాలుగు ఇఫ్‌లు దాటుకుంటూ ఒక్కో వేర్ షరతు అతుక్కుంటూ వెళ్తుంది. ప్రశ్నార్థకాల (ప్లేస్‌హోల్డర్ల) చోట కూర్చునే విలువలు ఎక్కడో ఫారం నుంచి వస్తాయి. ఓఆర్ఎం, అంటే టేబుళ్లని ఆబ్జెక్టులుగా చూపించి క్వెరీలు తనే తయారుచేసే లైబ్రరీ, వాడుతుంటే క్వెరీ మీరు రాయనే రాయరు.

చాలామంది వెంటనే చేసేది ఎగ్జిక్యూట్ లైనుకి పైన ఒక ప్రింట్ పెట్టడం. ఒక క్వెరీకి సరిపోతుంది. పది ఫైళ్లలో రెండొందల క్వెరీలుంటే ప్రింట్‌లు పెట్టడానికో పూట, తీయడానికో పూట. పెర్ల్‌లో ఆ తిప్పలు అక్కర్లేదు. టిమ్ బన్స్ 1994 నుంచి కట్టుకొచ్చిన డీబీఐ మాడ్యూల్ అన్ని డేటాబేస్‌లకీ ఒకే గుమ్మం లాంటిది. వెనకున్నది మైఎస్‌క్యూఎల్ అయినా, పోస్ట్‌గ్రెస్ అయినా, ఎస్‌క్యూలైట్ అయినా ప్రతి పిలుపూ దాన్ని దాటే వెళ్లాలి. కాబట్టి నిఘా అక్కడే పెట్టాలి, మీ కోడ్ మధ్యలో కాదు.

కోడ్ ముట్టుకోకుండా మొదలుపెట్టండి

డీబీఐ_ట్రేస్ అని ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది. పేరంతా క్యాపిటల్ అక్షరాలు, మధ్యలో అండర్‌స్కోర్. టెర్మినల్‌లో స్క్రిప్ట్ నడిపే కమాండ్‌కి ముందు, అదే లైనులో, డీబీఐ_ట్రేస్=2 అని రాసి ఒక ఖాళీ వదలండి. తర్వాత మామూలుగా పెర్ల్, స్క్రిప్ట్ పేరు. ఎంటర్ కొట్టగానే డీబీఐలో జరిగే ప్రతి పనీ స్టాండర్డ్ ఎర్రర్ మీద కనిపిస్తుంది. ఫైల్లోకి కావాలంటే ఇంకో సమానం గుర్తు పెట్టి ఫైలు పేరు ఇవ్వండి: డీబీఐ_ట్రేస్=2=ట్రేస్.లాగ్. ఆ ఫైలు చెరిగిపోదు, పాత లైన్ల కిందే కొత్తవి చేరుతుంటాయి. అందుకే ప్రతిసారీ పాత ఫైలు తీసేసి నడపండి. లేకపోతే నిన్నటి తప్పు కోసం ఇవాళ వెతుకుతారు.

డీబీఐ ఈ వేరియబుల్‌ని తను లోడ్ అయ్యేటప్పుడే చదువుతుంది. స్క్రిప్ట్ మధ్యలో దానికి విలువ ఇస్తే ఏమీ జరగదు. వెబ్ అప్లికేషన్ సర్వీస్‌గా నడుస్తుంటే, మీ టెర్మినల్‌లో ఎక్స్‌పోర్ట్ చేసింది దానికి చేరదు. సర్వీస్ కాన్ఫిగరేషన్‌లో పెట్టి రీస్టార్ట్ చేయాల్సిందే.

లెవెల్ ఎంత పెట్టాలి? 1 పెడితే ప్రతి పిలుపు ఏ ఫలితంతో, ఏ ఎర్రర్‌తో తిరిగొచ్చిందో కనిపిస్తుంది. 2 పెడితే లోపలికి వెళ్లేటప్పటి పారామీటర్లు కూడా వస్తాయి. 3 నుంచి డ్రైవర్ లోపలి సంగతులు మొదలవుతాయి. 15 దాకా ఉంది కానీ అవి డ్రైవర్ రాసేవాళ్లకి. అప్లికేషన్ పనికి 2 చాలు.

ట్రేస్ చదవడం నేర్చుకోండి

మొదటిసారి తెరిస్తే ఆ ఫైలు భయపెడుతుంది. నిజానికి చూడాల్సినవి కొన్నే. '->' బాణంతో మొదలైన లైను డీబీఐలోకి వెళ్తున్న పిలుపు, '<-' బాణంతో ఉన్నది తిరిగొచ్చిన ఫలితం. బాణం పక్కన మెథడ్ పేరు ఉంటుంది: ప్రిపేర్, ఎగ్జిక్యూట్, ఫెచ్. తిరిగొచ్చే లైనులో సమానం గుర్తు తర్వాత బ్రాకెట్‌లో ఫలితం, చివర్న ఆ పిలుపు ఏ ఫైల్లో ఏ లైను నుంచి వచ్చిందో ఉంటాయి. ఆ చివరి ముక్కే అసలు విలువైనది. క్వెరీ ఎవరు పంపారో వెతుక్కోకుండా నేరుగా అక్కడికి వెళ్లొచ్చు. రెండు ఆశ్చర్యార్థకాలతో మొదలైన లైను ఎర్రర్. మీ కోడ్ ఆ ఎర్రర్‌ని పట్టించుకోకుండా దాటేసినా ట్రేస్ దాటేయదు. అందుకే ఫైలు తెరవగానే ముందు ఆ గుర్తు కోసమే వెతకండి.

ఒక ఉదాహరణ. కాలేజీ ఫీజుల స్క్రిప్ట్ ఉందనుకోండి. విద్యార్థి ఫీజు కట్టాడు, అప్‌డేట్ క్వెరీ నడిచింది, ఎర్రర్ ఏమీ లేదు, కానీ బాకీ అలాగే ఉంది. ట్రేస్‌లో ఆ ఎగ్జిక్యూట్ తిరిగొచ్చిన లైను చూడండి. ఫలితం '0ఈ0' అని ఉంటే క్వెరీ బాగానే నడిచింది, ఒక్క వరసకీ తగల్లేదు. పెర్ల్‌లో ఉత్త సున్నా అబద్ధం కిందికి వస్తుంది కాబట్టి, 'పని జరిగింది, తగిలిన వరసలు సున్నా' అని చెప్పడానికి డీబీఐ ఈ రూపం వాడుతుంది. ఇఫ్‌లో పెట్టి చూస్తే నిజమే అంటుంది, అందుకే మీ కోడ్‌కి అనుమానం రాలేదు. సెలెక్ట్ క్వెరీలకి మాత్రం ఎగ్జిక్యూట్ ఫలితంలోని అంకెకి అర్థాలు తీయకండి. ఎన్ని వరసలొస్తాయో అప్పటికి తెలియని డ్రైవర్లున్నాయి.

ఇప్పుడు అదే ఎగ్జిక్యూట్ లోపలికి వెళ్లిన లైను చూడండి. విలువల చుట్టూ ఉన్న కోట్లు చాలా చెబుతాయి. పెర్ల్ అంకెగా చూస్తున్న విలువకి కోట్లుండవు. ఫారం నుంచి వచ్చిన 501 మాత్రం స్ట్రింగే కాబట్టి సింగిల్ కోట్లలో ఉంటుంది. ఆ కోట్ల లోపల అంకె పక్కన ఒక ఖాళీ ఉందేమో చూడండి. ఎక్సెల్ నుంచి కాపీ చేసి తెచ్చిన హాల్‌టికెట్ నంబర్లలో ఇది తరచూ కనిపిస్తుంది. ఇక కోట్లు లేకుండా 'అన్‌డెఫ్' అని ఉంటే అక్కడికి నల్ వెళ్లింది. ఎస్‌క్యూఎల్‌లో ఏదీ నల్‌తో సమానం కాదు, నల్ కూడా కాదు. వేర్ షరతులో సమానం గుర్తు పక్కన నల్ వెళ్తే ఒక్క వరసా దొరకదు, ఎర్రరూ రాదు.

తెలుగు డేటా ఉంటే ఇది తప్పక చూడండి

టేబుల్‌లో తెలుగు పేర్లున్న ప్రతివాళ్లకీ ట్రేస్ చేసే పెద్ద మేలు ఇది. స్ట్రింగ్‌కి పెర్ల్ లోపల యూటీఎఫ్-8 గుర్తు ఉంటే డీబీఐ దాన్ని డబుల్ కోట్లలో చూపిస్తుంది. లేకపోతే సింగిల్ కోట్లలో చూపించి, అచ్చుకాని బైట్ల స్థానంలో చుక్కలు పెడుతుంది. అంటే 'రవి' అని వెతికితే ఏమీ దొరకనప్పుడు, ట్రేస్‌లో ఆ పేరు సింగిల్ కోట్ల మధ్య చుక్కల వరసగా కనిపిస్తే, పెర్ల్ దాన్ని తెలుగు అక్షరాలుగా కాకుండా ఉత్త బైట్లుగా మోస్తోందని అర్థం. తెలుగు కోడ్‌పాయింట్ ఒక్కోటి యూటీఎఫ్-8లో 3 బైట్లు. రవిలో ర, వ, గుడి కలిపి 3 కోడ్‌పాయింట్లు, 9 బైట్లు.

ఇంకా కచ్చితంగా తెలియాలంటే డీబీఐలోనే డేటా_స్ట్రింగ్_డెస్క్ అనే ఫంక్షన్ ఉంది. స్ట్రింగ్ ఇస్తే యూటీఎఫ్-8 గుర్తు ఉందో లేదో, ఎన్ని క్యారెక్టర్లో, ఎన్ని బైట్లో చెబుతుంది. రవికి 3 క్యారెక్టర్లు, 9 బైట్లు అంటే బాగున్నట్టు. 9 క్యారెక్టర్లు అంటే ఎవరూ డీకోడ్ చేయలేదు. 9 క్యారెక్టర్లు, అంతకు మించిన బైట్లు అంటే రెండుసార్లు ఎన్‌కోడ్ అయింది. టేబుల్‌లో వింత అక్షరాలు పేరుకునేది ఇలాగే. సరిచేయాల్సిన చోట్లు రెండు. బయటి నుంచి వచ్చే డేటాని, అంటే ఫారాల్నీ ఫైళ్లనీ, అందుకున్న వెంటనే డీకోడ్ చేయండి. డ్రైవర్‌కి కూడా యూనికోడ్ అని చెప్పండి: మైఎస్‌క్యూఎల్‌కి మైఎస్‌క్యూఎల్_ఎనేబుల్_యూటీఎఫ్8ఎంబీ4, ఎస్‌క్యూలైట్‌కి ఎస్‌క్యూలైట్_యూనికోడ్, కొత్త వెర్షన్లలో దాని బదులు ఎస్‌క్యూలైట్_స్ట్రింగ్_మోడ్. పోస్ట్‌గ్రెస్ డ్రైవర్ మామూలుగా తనే చూసుకుంటుంది.

అనుమానం ఉన్న చోట మాత్రమే

పెద్ద అప్లికేషన్‌కి పూర్తి ట్రేస్ పెడితే ఫైలు కాసేపట్లో తెరవలేనంత అవుతుంది. అప్పుడు కోడ్‌లోకి దిగండి. ట్రేస్ మెథడ్‌ని డీబీఐ మొత్తానికీ, ఒక కనెక్షన్‌కీ, ఒక స్టేట్‌మెంట్‌కీ విడివిడిగా పిలవొచ్చు. కనెక్షన్‌కి పెడితే ఆ తర్వాత దాని నుంచి పుట్టే స్టేట్‌మెంట్లకీ వర్తిస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చేది ట్రేస్‌లెవెల్ అనే ఆట్రిబ్యూట్‌ని లోకల్‌తో కలిపి వాడటం. అనుమానమున్న బ్లాక్ మొదట్లో కనెక్షన్ హ్యాండిల్‌లోని ట్రేస్‌లెవెల్‌కి లోకల్‌గా 2 ఇవ్వండి. బ్లాక్ దాటగానే, మధ్యలో డై అయినా సరే, పాత విలువ దానంతటదే తిరిగొస్తుంది. ఆపడం మర్చిపోయే ప్రసక్తే ఉండదు.

ట్రేస్_ఎంఎస్‌జీ అనే మెథడ్‌తో మీ సొంత మాట కూడా అదే ట్రేస్‌లోకి రాయొచ్చు. 'రసీదు తయారీ మొదలు' అని ఒక లైను పడితే వందల లైన్లలో చోటు వెతుక్కోవడం తేలిక. పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్లకి ఇంకో సౌకర్యం: ట్రేస్‌కి అంకె బదులు ఎస్‌క్యూఎల్ అనే ఫ్లాగ్ ఇస్తే డ్రైవర్ క్వెరీలు మాత్రమే రాస్తుంది. ఎస్‌క్యూలైట్ వాళ్లకి ఎస్‌క్యూలైట్_ట్రేస్ ఉంది. దానికి ఒక సబ్‌రొటీన్ ఇస్తే ప్రశ్నార్థకాల్లో విలువలు నింపిన క్వెరీనే చేతికిస్తుంది.

ఒక హెచ్చరిక. కనెక్ట్ పిలుపులో పాస్‌వర్డ్‌ని డీబీఐ నక్షత్రాలతో కప్పేస్తుంది. క్వెరీల్లోకి వెళ్లే విలువల్ని కప్పదు. ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు, ఓటీపీలు అన్నీ ఆ ఫైల్లో బట్టబయలుగా ఉంటాయి. ప్రొడక్షన్ ట్రేస్‌ని ఎవరికీ మెయిల్ చేయకండి, పని కాగానే తీసేయండి.

ఎర్రర్ మెసేజ్‌లోనే క్వెరీ కనిపించేలా

చిన్న పని, ఇవాళే చేయండి. కనెక్ట్ చేసేటప్పుడు ఇచ్చే ఆట్రిబ్యూట్లలో రైజ్‌ఎర్రర్‌కి 1, షోఎర్రర్‌స్టేట్‌మెంట్‌కి 1 ఇవ్వండి. ప్రింట్‌ఎర్రర్‌ని 0 చేస్తే ఒకే ఎర్రర్ రెండుసార్లు పడదు. ఇక ఏ క్వెరీ విఫలమైనా మెసేజ్ చివర ఆ క్వెరీ, డ్రైవర్ అందిస్తే దాని విలువలు కూడా వస్తాయి. ట్రేస్ పెట్టాల్సిన సందర్భాలు సగానికి సగం ఇక్కడే తీరిపోతాయి.

ప్రొడక్షన్‌లో ఎప్పుడూ నడిచే లాగ్

ట్రేస్ గంటసేపటి పని. రోజూ ఉండాల్సింది వేరే: ప్రతి క్వెరీకీ ఒకే ఒక్క లైను. అందులో సమయం, ప్రాసెస్ నంబరు, పిలిచిన ఫైలు, లైను, పట్టిన మిల్లీసెకన్లు, తగిలిన వరసలు, క్వెరీ, విలువలు. క్వెరీలో లైన్లు విరిగి ఉంటే కలిపి ఒకే లైను చేయండి. గ్రెప్‌కి దొరకని లాగ్ ఉండీ ఉపయోగం లేదు.

డీబీఐలో కాల్‌బ్యాక్స్ అనే సౌకర్యం చూసి చాలామంది ముందు దానికి వెళ్తారు. అది మెథడ్ నడవక ముందే పిలుస్తుంది. కాబట్టి ఏ క్వెరీ వెళ్తోందో తెలుస్తుంది కానీ ఎంతసేపు పట్టిందో తెలియదు. సమయం కావాలంటే సబ్‌క్లాస్ చేయాలి. కనెక్ట్‌లో రూట్‌క్లాస్ అనే ఆట్రిబ్యూట్‌కి మీ ప్యాకేజీ పేరు ఇవ్వండి. ప్యాకేజీలు మూడు రాయాలి: మీ పేరుతో ఒకటి, ఆ పేరుకి డబుల్ కోలన్ డీబీ చేర్చి ఒకటి, డబుల్ కోలన్ ఎస్‌టీ చేర్చి ఒకటి. ఇవి వరసగా డీబీఐ, డీబీఐ::డీబీ, డీబీఐ::ఎస్‌టీల నుంచి వారసత్వం తీసుకోవాలి.

ఎస్‌టీ ప్యాకేజీలో ఎగ్జిక్యూట్‌ని మీరే నిర్వచించండి. మొదట టైమ్::హైరెజ్‌తో సమయం పట్టుకోండి, సూపర్::ఎగ్జిక్యూట్‌ని అవే ఆర్గ్యుమెంట్లతో పిలవండి, మళ్లీ సమయం చూసి లైను రాయండి, వచ్చిన ఫలితాన్ని యథాతథంగా వెనక్కివ్వండి. క్వెరీ పాఠం స్టేట్‌మెంట్ అనే ఆట్రిబ్యూట్‌లో ఉంటుంది. విలువలు బైండ్_పారామ్‌తో ముందే ఇచ్చేసి ఉంటే ఎగ్జిక్యూట్ ఆర్గ్యుమెంట్లు ఖాళీగా ఉంటాయి. అప్పుడు పారామ్‌వాల్యూస్ ఆట్రిబ్యూట్ చూడండి. రైజ్‌ఎర్రర్ పెట్టారు కదా, సూపర్ పిలుపు డై అయ్యే అవకాశముంది. దాన్ని ఎవాల్‌లో పెట్టి, లైను రాసి, ఎర్రర్‌ని మళ్లీ పైకి విసరండి. లేకపోతే ముప్పై సెకన్లు ఆగి టైమవుట్ అయిన క్వెరీ, అంటే మీకు అన్నిటికన్నా కావాల్సిన క్వెరీ, లాగ్‌లో ఉండదు.

చాలామంది దెబ్బతినేది దీని తర్వాత. ఎగ్జిక్యూట్ ఒక్కటే పట్టుకుంటే డూ, సెలెక్ట్‌రో_అర్రే, సెలెక్ట్‌ఆల్_అర్రేరెఫ్ లాంటివి లాగ్‌లోకి రావు. అవి లోపల ఎగ్జిక్యూట్ చేసినా ఆ పని డ్రైవర్ స్థాయిలో జరుగుతుంది, మీ సబ్‌క్లాస్ దాకా రాదు. వీటిని డీబీ ప్యాకేజీలో ఒక్కొక్కటిగా చుట్టాలి. అందులోనూ సెలెక్ట్‌రో_అర్రే లిస్ట్ కాంటెక్స్ట్‌లో ఒకలా, స్కేలార్‌లో ఒకలా ఫలితమిస్తుంది. వాంట్‌అర్రే చూసి అదే కాంటెక్స్ట్‌లో సూపర్‌ని పిలవకపోతే లాగ్ పెట్టిన రోజే అప్లికేషన్ పాడవుతుంది.

ఇంత శ్రమ ఎందుకంటే నా సలహా నేరుగా చెబుతాను: పెర్ల్ మాడ్యూళ్ల భండారమైన సీపాన్ నుంచి డీబీఐఎక్స్::క్వెరీలాగ్ తెచ్చుకోండి. ఈ చుట్టే పనంతా అందులో చేసి ఉంది. కమాండ్ లైనులో పెద్ద ఎం స్విచ్‌తో కలిపితే స్క్రిప్ట్ మార్చకుండానే పనిచేస్తుంది. త్రెషోల్డ్‌కి 0.2 ఇస్తే 200 మిల్లీసెకన్లు దాటినవే రాస్తుంది. డెవలప్‌మెంట్‌లో త్రెషోల్డ్ లేకుండా అన్నీ చూడండి, ప్రొడక్షన్‌లో త్రెషోల్డ్ పెట్టండి. లైన్లు ఎక్కడికి వెళ్లాలన్నది లాగ్::లాగ్4పెర్ల్ అనే లాగింగ్ మాడ్యూల్‌కి అప్పజెప్పండి. సొంతంగా రాసుకున్నా, తెచ్చుకున్నా ఒక నియమం తప్పకండి: క్వెరీ లాగ్‌ని అదే కనెక్షన్ మీద అదే డేటాబేస్‌లోని టేబుల్‌లోకి రాయొద్దు. ట్రాన్సాక్షన్ రోల్‌బ్యాక్ అయితే లాగ్ కూడా పోతుంది, మీకు కావాల్సింది సరిగ్గా ఆ లాగే.

డీబీఐఎక్స్::క్లాస్ అనే ఓఆర్ఎం వాడేవాళ్లకి పని తక్కువ. డీబీఐసీ_ట్రేస్=1 పెడితే తయారైన ప్రతి క్వెరీ, చివర కోలన్ తర్వాత విలువలు కనిపిస్తాయి. డీబీఐసీ_ట్రేస్_ప్రొఫైల్‌కి కన్సోల్ అని ఇస్తే క్వెరీ లైన్లుగా సర్దుకుని, చదవడానికి వీలుగా వస్తుంది.

ఒక్కోటి చిన్నదే, మొత్తం కలిస్తే కొండంత

త్రెషోల్డ్‌కి దొరకని జబ్బు ఒకటుంది. ఫీజు బకాయిల రిపోర్ట్ ముందు విద్యార్థుల జాబితా తెస్తుంది, తర్వాత లూప్‌లో ఒక్కొక్కరికి ఫీజు క్వెరీ పంపుతుంది. ఎనిమిది వందల మంది ఉంటే 801 క్వెరీలు. ఒక్కోటి రెండు మిల్లీసెకన్లలో అయిపోతుంది కాబట్టి ఏ స్లో క్వెరీ లాగ్‌లోనూ ఉండదు. మొత్తం కలిపి సెకనున్నర దాటుతుంది, డేటాబేస్ వేరే ఊళ్లోని సర్వర్ మీద ఉంటే ఇంకా చాలా ఎక్కువ.

దీన్ని పట్టేది డీబీఐ ప్రొఫైల్. డీబీఐ_ప్రొఫైల్=2 పెట్టి నడపండి. ప్రోగ్రాం ముగిశాక ఒక్కో క్వెరీకి మొత్తం సమయం, ఎన్ని పిలుపులు, సగటు వస్తాయి. పిలుపుల సంఖ్య వందల్లో ఉన్న క్వెరీని తీసి, జాయిన్‌తోనో ఇన్ జాబితాతోనో ఒకే క్వెరీగా మార్చండి. ఎక్కువసేపు నడిచే ప్రోగ్రాంకైతే డీబీఐ_ప్రొఫైల్‌కి 2 తర్వాత స్లాష్ పెట్టి డీబీఐ::ప్రొఫైల్‌డంపర్ అని ఇవ్వండి. డీబీఐ.ప్రాఫ్ అనే ఫైలు తయారవుతుంది, డీబీఐతో పాటే వచ్చే డీబీఐప్రాఫ్ కమాండ్ దాన్ని చదివి సమయం ప్రకారమో, సంఖ్య ప్రకారమో వరస పెట్టిస్తుంది. ఇక్కడ ఒక షరతు. విలువల్ని క్వెరీ స్ట్రింగ్‌లో అతికిస్తే ఎనిమిది వందల క్వెరీలూ ఎనిమిది వందల వేర్వేరు లైన్లుగా పడతాయి, రిపోర్ట్ పనికిరాదు. ప్లేస్‌హోల్డర్లు ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌ని ఆపడానికే అనుకుంటారు. కొలతకీ అవే ఆధారం.

సర్వర్ వైపు లాగ్‌తో పోల్చండి

మీ లాగ్ చెప్పే సమయం పెర్ల్ చూసిన సమయం. సర్వర్ ఎంతసేపు పనిచేసిందో సర్వర్‌నే అడగాలి. పోస్ట్‌గ్రెస్‌లో లాగ్_మిన్_డ్యూరేషన్_స్టేట్‌మెంట్‌కి మిల్లీసెకన్లలో హద్దు ఇవ్వండి. మైఎస్‌క్యూఎల్‌లో స్లో_క్వెరీ_లాగ్ ఆన్ చేసి, లాంగ్_క్వెరీ_టైమ్ తగ్గించండి. అది మామూలుగా 10 సెకన్లు ఉంటుంది, అలాగే వదిలేస్తే లాగ్ ఖాళీగానే కనిపిస్తుంది. పెర్ల్ మైఎస్‌క్యూఎల్ డ్రైవర్ ప్లేస్‌హోల్డర్లని మామూలుగా తనే నింపి పంపుతుంది కాబట్టి సర్వర్ లాగ్‌లో విలువలతో సహా పూర్తి క్వెరీ ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ డ్రైవర్ ప్రశ్నార్థకాల్ని డాలర్ 1, డాలర్ 2గా మారుస్తుంది, విలువల కోసం ఆ కిందున్న డీటెయిల్ లైను చూడాలి. ఏ క్వెరీ ఏ ప్రోగ్రాందో తెలియడానికి పోస్ట్‌గ్రెస్ కనెక్షన్ స్ట్రింగ్‌లో అప్లికేషన్_నేమ్ ఇవ్వండి. మైఎస్‌క్యూఎల్‌కి క్వెరీలోనే స్క్రిప్ట్ పేరుతో ఒక కామెంట్ పెట్టండి.

రెండు అంకెలూ దగ్గరగా ఉంటే క్వెరీనీ ఇండెక్స్‌నీ చూడండి, ఎక్స్‌ప్లెయిన్ (సర్వర్ క్వెరీని ఎలా నడుపుతుందో చూపే కమాండ్) తీయండి. పెర్ల్ లాగ్‌లో 900 మిల్లీసెకన్లు, సర్వర్ లాగ్‌లో 40 ఉంటే ఇండెక్స్ జోలికి పోకండి. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ డ్రైవర్లు రెండూ మామూలుగా ఎగ్జిక్యూట్‌లోనే ఫలితం మొత్తాన్ని ప్రోగ్రాం మెమరీలోకి తెచ్చుకుంటాయి, ఆ రవాణా సమయం అందులో కలిసిపోతుంది. సెలెక్ట్ పక్కన నక్షత్రం తీసి కావాల్సిన కాలమ్‌లే రాయండి, లిమిట్ పెట్టండి, మళ్లీ కొలవండి. ఎస్‌క్యూలైట్‌లో దీనికి వ్యతిరేకం: ఎగ్జిక్యూట్ క్షణంలో తిరిగొస్తుంది, అసలు పని ఫెచ్ చేసేటప్పుడు జరుగుతుంది. అక్కడ ఎగ్జిక్యూట్ సమయాన్ని నమ్మకండి, ఎస్‌క్యూలైట్_ప్రొఫైల్‌కి సబ్‌రొటీన్ ఇచ్చి క్వెరీ మొత్తానికి పట్టిన సమయం తీసుకోండి.